పెద్దవాళ్లకు తుంటి ఎముక విరిగితే కరోనా తగ్గేదాకా ఆగొద్దు

డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం సమాచారం – జూన్ 2021
(చదివాక మీ ఇంటి గ్రూపులో, వీధి గ్రూపులో పంపండి. పెద్దవాళ్లకు చదివి వినిపించండి.)

బాత్‌రూమ్‌లో కాలు జారి, గడప తట్టుకుని, రాత్రి చీకట్లో మంచం దిగబోయి పెద్దవాళ్లు పడిపోవడం కరోనా రోజుల్లోనూ ఆగలేదు. కానీ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మాత్రం చాలా ఇళ్లలో వెనకాడుతున్నారు. "ఇప్పుడు పోతే లేని కరోనా అంటుకుంటుంది, కాస్త తగ్గాక చూద్దాం" అనుకుంటున్నారు. కొందరు కట్టు కట్టించి, నూనె రాసి, మంచం మీద పడుకోబెడుతున్నారు.

చెయ్యి విరిగితే కొన్ని రోజులు ఆగినా ప్రాణానికి ముప్పు ఉండకపోవచ్చు. తుంటి సంగతి అలా కాదు. తుంటి విరిగిన పెద్ద మనిషి కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, వీపు మీద, మడమల మీద పుండ్లు పడతాయి. ఇవే ప్రాణం మీదకు తెస్తాయి. కరోనా కూడా దెబ్బతీసేది ఊపిరితిత్తులనే, గడ్డలు కట్టించేదీ రక్తాన్నే. అందుకే ఈ రోజుల్లో ఆలస్యం చేస్తే నష్టం రెండింతలు.

ఏం చేయాలి, పథకం కింద ఏం అందుతుంది, ఇంటికి వచ్చాక ఎలా చూసుకోవాలి అన్నవి వరుసగా తెలుసుకుందాం.

■ 1. తుంటి విరిగిందని ఎలా తెలుస్తుంది?

పడిన తర్వాత ఈ గుర్తులు కనిపిస్తే తుంటి విరిగిందనే అనుకోండి:

• లేచి నిలబడలేరు, ఆ కాలి మీద బరువు వేయలేరు
• గజ్జల్లో, తొడ పైభాగంలో తీవ్రమైన నొప్పి
• ఒక కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటి వైపుకు తిరిగినట్టు కనిపించడం
• పడుకున్న చోట కాలు ఎత్తమంటే ఎత్తలేకపోవడం

కొందరిలో విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉంటాయి. అలాంటివాళ్లు కుంటుతూ నాలుగడుగులు వేయగలరు. "నడుస్తున్నారు కదా, బెణికింది లే" అని వదిలేయొద్దు. రెండు మూడు రోజుల తర్వాత ఆ ముక్కలు పక్కకు జరిగితే చిన్న ఆపరేషన్‌తో పోయేది పెద్దదవుతుంది. ఎక్స్‌రే తీయించాల్సిందే.

పడ్డానికి కారణం కూడా గమనించండి. జ్వరం, నీరసం, ఆయాసం వల్ల కళ్లు తిరిగి పడి ఉంటే కరోనానే కారణం కావచ్చు. పెద్ద వయసులో కరోనా ఒక్కోసారి జ్వరం, దగ్గు లేకుండానే వస్తుంది. తిండి మానేయడం, మత్తుగా ఉండటం, ఉన్నట్టుండి సంబంధం లేకుండా మాట్లాడటం, ఇలా మొదలవుతుంది.

■ 2. పడిన వెంటనే ఏం చేయాలి?

• కాలు లాగొద్దు, సరిచేయొద్దు, మర్దన చేయొద్దు.
• రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, కదలకుండా మెత్తటి గుడ్డతో వదులుగా కట్టండి.
• భుజాలు పట్టుకుని లేపొద్దు. దుప్పటి కిందకు జరిపి నలుగురు నాలుగు మూలలా పట్టుకుని ఎత్తండి.
• 108కి ఫోన్ చేయండి. పడ్డారని, నిలబడలేకపోతున్నారని చెప్పండి. జ్వరం, దగ్గు, ఆయాసం ఉన్నా, ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వచ్చినా ఆ మాట కూడా చెప్పండి.
• చివరిసారి ఎప్పుడు తిన్నారో, తాగారో గుర్తుపెట్టుకోండి. మత్తు ఇచ్చే డాక్టరు అడుగుతారు.

కరోనా లక్షణాలు చెబితే చేర్చుకోరేమోనన్న భయంతో కొందరు దాస్తున్నారు. దాస్తే మీ మనిషికే నష్టం. ముందే తెలిస్తే డాక్టర్లు ఆక్సిజన్, మత్తు, వార్డు అన్నీ దానికి తగ్గట్టు సిద్ధం చేసుకుంటారు. తెలియకుండా మామూలు వార్డులో పెడితే పక్క మంచాల్లో ఉన్న పెద్దవాళ్లకూ అంటుకుంటుంది.

కట్టు గురించి ఒక మాట. పుత్తూరు కట్టు లాంటి నాటు కట్ల మీద మన దగ్గర చాలామందికి నమ్మకం ఉంది. కానీ తుంటి ఎముక ఒంటి లోపల, మందమైన కండరాల కింద ఉంటుంది. బయట నుంచి ఎంత గట్టిగా కట్టినా లోపల విరిగిన ముక్కలు కదలకుండా ఆగవు. ఆ కట్టుతో వారం గడిస్తే పోయేది విలువైన సమయమే. అలాగే ఆర్ఎంపీ దగ్గర నొప్పి ఇంజక్షన్లు చేయించుకుంటూ రోజులు నెట్టొద్దు. అవి ఎక్కువైతే పెద్దవాళ్ల కిడ్నీలు దెబ్బతింటాయి.

■ 3. ఆపరేషన్ ఎప్పుడు చేయాలి? ఎందుకంత తొందర?

ఆసుపత్రిలో చేరిన రోజు గానీ మర్నాడు గానీ, ఆలస్యమైనా 48 గంటల్లోపు ఆపరేషన్ జరిగితే మంచిదని ఎముకల డాక్టర్లు చెబుతారు. ఎముక అతకడం ఒక్కటే దీని ఉద్దేశం కాదు. మనిషిని మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టడానికి, నిలబెట్టడానికి. కూర్చుంటే ఊపిరితిత్తులు బాగా విచ్చుకుంటాయి. నొప్పి తగ్గితే గట్టిగా ఊపిరి పీల్చగలరు, దగ్గగలరు.

ఆపరేషన్ ముఖ్యంగా రెండు రకాలు. తుంటి బంతికి కాస్త కింద, మెడ భాగంలో విరిగితే ఆ బంతికి రక్తం అందడం ఆగిపోతుంది. అప్పుడు చాలామంది పెద్దవాళ్లకు విరిగిన బంతి తీసేసి కృత్రిమ బంతి అమరుస్తారు. ఇంకాస్త కింద విరిగితే రాడ్డు గానీ, ప్లేటు, స్క్రూలు గానీ వేసి బిగిస్తారు. తగినవాళ్లకు మొత్తం మత్తు ఇవ్వకుండా నడుము దగ్గర ఇంజక్షన్ ఇచ్చి కూడా చేస్తారు.

■ 4. కరోనా పాజిటివ్ వస్తే ఆపరేషన్ చేయరా?

అందరూ భయపడేది ఇక్కడే. పాజిటివ్ వచ్చినంత మాత్రాన తుంటి ఆపరేషన్ ఆపేయాలని లేదు. ఆక్సిజన్ శాతం, ఊపిరితిత్తుల పరిస్థితి, గుండె, షుగర్, రక్తం పరీక్షలు చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. తట్టుకునే స్థితిలో ఉంటే పీపీఈ కిట్లు వేసుకుని, వేరే థియేటర్‌లో చేస్తారు. ఆర్టీపీసీఆర్ ఫలితం ఆలస్యమైతే, పాజిటివ్ అన్నట్టే జాగ్రత్తలు తీసుకుని పని మొదలుపెట్టవచ్చు.

ప్రమాదం లేదని చెప్పడం లేదు. 2020 మే నెలలో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఆపరేషన్ సమయంలో కరోనా ఉన్న 1,128 మందిని 24 దేశాల్లో గమనించారు. అన్ని రకాల ఆపరేషన్లూ అందులో ఉన్నాయి. వారిలో సగం మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులు వచ్చాయి. 100కి దాదాపు 24 మంది 30 రోజుల్లోపు చనిపోయారు. అందుకే డాక్టరు సంతకం అడిగేటప్పుడు ప్రమాదం గురించి గట్టిగానే చెబుతారు. అది మిమ్మల్ని బెదిరించడానికి కాదు. అయితే విరిగిన తుంటితో ఆపరేషన్ లేకుండా వారాల తరబడి పడుకోవడం కూడా ప్రమాదమే. ఈ రెండింటిలో మీ మనిషికి ఏది తక్కువ ప్రమాదమో డాక్టర్నే సూటిగా అడగండి.

"కరోనా వచ్చాక 7 వారాల దాకా ఆపరేషన్ చేయించుకోకూడదు" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆ సలహా ఆగగలిగిన ఆపరేషన్లకు. మోకాలి చిప్ప మార్పిడి ఆగగలదు. తుంటి విరిగితే 7 వారాలు ఆగలేరు.

ఆయాసం తీవ్రంగా ఉండి, ఆక్సిజన్ బాగా పడిపోతే ముందు ఊపిరి నిలబెట్టి, తర్వాత ఎముక సంగతి చూస్తారు. ఆ రోజుల్లో నొప్పి తగ్గించే మందులు, రక్తం గడ్డకట్టకుండా ఇంజక్షన్లు, పుండ్లు పడకుండా పక్క మార్చడం జరగాలి. "ఆపరేషన్ లేదు కాబట్టి వైద్యం లేదు" అని అర్థం కాదు.

■ 5. ఆరోగ్యశ్రీ కింద ఏం చేయాలి?

1) ఆరోగ్యశ్రీ కార్డు గానీ, బియ్యం కార్డు గానీ, ఆధార్‌తో పాటు తీసుకెళ్లండి. కంగారులో మర్చిపోతే ఆగిపోవద్దు, ముందు మనిషిని తీసుకెళ్లండి. తర్వాత ఇంట్లోవాళ్లు ఫోటో తీసి పంపవచ్చు.

2) నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర హెల్ప్ డెస్క్ ఉంటుంది. ముందుగా అక్కడికే వెళ్లండి. ఏ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కిందకు వస్తుందో, ఇంకా ఏ కాగితాలు కావాలో వాళ్లే చెబుతారు. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఎముకల వైద్యం ఉందో తెలియకపోతే 104కి ఫోన్ చేయండి.

3) అత్యవసరమైతే ఫోన్ ద్వారా అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే వీలుంది. "అనుమతి ఇంకా రాలేదు" అని ఎక్కువసేపు కూర్చోబెడితే, అత్యవసర అనుమతి అడిగారా అని ఆరోగ్యమిత్రను అడగండి.

4) ప్యాకేజీ కింద అనుమతి వచ్చాక పరీక్షలు, ఆపరేషన్, లోపల వేసే రాడ్డు లేదా కృత్రిమ బంతి, మందులు, రోగికి భోజనం అన్నీ నగదు లేకుండానే అందాలి. డిశ్చార్జి అయ్యాక 10 రోజుల మందులు కూడా అందులోవే. ఆపరేషన్ వల్ల 30 రోజుల్లోపు ఏదైనా ఇబ్బంది వస్తే అదే ఆసుపత్రి చూడాలి.

5) 2021లో కరోనా చికిత్స కూడా ఆరోగ్యశ్రీలో ఉండేది. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్‌నూ చేర్చారు. తుంటి విరిగి, కరోనా కూడా ఉంటే రెండు సంగతులూ ఆరోగ్యమిత్రకు చెప్పి రాయించండి.

6) ఆరోగ్య ఆసరా: 2019 డిసెంబర్‌లో మొదలైన ఈ సాయం కింద, 2021లో జాబితాలో ఉన్న చికిత్సలకు డాక్టరు చెప్పిన విశ్రాంతి కాలానికి రోజుకు రూ.225 చొప్పున, నెలకు గరిష్ఠంగా రూ.5,000 బ్యాంకు ఖాతాలో పడేది. డిశ్చార్జికి ముందే బ్యాంకు పాస్‌బుక్ వివరాలు ఇచ్చి, మీ చికిత్సకు వర్తిస్తుందో లేదో అడగండి.

7) ఎవరైనా అదనంగా డబ్బు అడిగితే రసీదు అడగండి. ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104కి ఫిర్యాదు చేయండి.

■ 6. వార్డులో ఒంటరిగా ఉన్నప్పుడు

2021లో కరోనా వార్డులోకి చాలా చోట్ల తోడు మనిషిని రానివ్వలేదు. మామూలు వార్డులో కూడా ఒక్కరినే ఉంచుతారు. ఆ ఒక్కరు రోజుకొకరు మారకుండా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, వీలైతే టీకా వేయించుకున్నవాళ్లు ఉండటం మంచిది.

పెద్దవాళ్లకు ఆపరేషన్ తర్వాత తికమక రావడం మామూలే. ఎక్కడున్నారో తెలియదు, రాత్రంతా అరుస్తారు, సెలైన్ పీకేస్తారు. చుట్టూ ముఖాలు కనిపించని తెల్ల కిట్ల మనుషులు తిరుగుతుంటే ఆ భయం ఇంకా పెరుగుతుంది. ఇది పిచ్చి కాదు. చాలామందిలో మెల్లగా తగ్గుతుంది. తగ్గడానికి ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది.

లోపలికి పంపాల్సినవి:
• కళ్లజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్లు (పేరు రాసిన డబ్బాలో)
• బటన్ ఫోన్ అయినా సరే ఒక ఫోను, ఛార్జరు
• వాడుతున్న మందుల చీటీ. ముఖ్యంగా బీపీ, షుగర్, గుండెకు రక్తం పలచన చేసే మాత్రలు
• ఒక కాగితం మీద: ఏమని పిలిస్తే పలుకుతారు, ఏ చెవి సరిగా వినపడదు, ఏం తింటారు, ఏది పడదు, ఎవరికి ఫోన్ చేయాలి

ఈ కాగితం చిన్న పని అనిపిస్తుంది. కానీ ఎవరో తెలియని నర్సు "అవ్వా" అని గానీ, "మామ్మగారూ" అని గానీ, ఇంట్లో పిలిచినట్టే పిలిస్తే ఆ మనిషి కళ్లు తెరిచి ఇంత ముద్ద తింటారు.

రోజుకోసారి ఫోన్‌లో ఇవి అడగండి: "ఈరోజు కూర్చోబెట్టారా? తిన్నారా? ఆక్సిజన్ ఎంత ఉంది? మడమలు, వీపు చూశారా? మూత్రం పైపు ఎప్పుడు తీస్తారు? ఎప్పుడు నిలబెడతారు?" ఆపరేషన్ బాగా జరిగితే చాలామందిని మర్నాడే మంచం పక్కన కూర్చోబెట్టి, వాకర్‌తో నిలబెడతారు. కరోనా వార్డులో ఉన్నా ఇది జరగాలి. మర్యాదగా అడగండి, కానీ అడగడం మానొద్దు.

■ 7. ఇంటికి వచ్చాక మొదటి ఆరు వారాలు

మంచం, కుర్చీ: మంచం మోకాలి ఎత్తు కన్నా తక్కువ ఉండొద్దు. తక్కువైతే కాళ్ల కింద ఇటుకలు గట్టిగా పేర్చండి. చేతులు ఉన్న కుర్చీ వాడండి. నులక మంచం, పడక కుర్చీ వద్దు.

నేల మీద కూర్చోవద్దు: కృత్రిమ బంతి వేసినవాళ్లు నేల మీద కూర్చుని భోంచేయడం, బాసింపట్టు వేయడం, గొంతుకు కూర్చోవడం, కాలు మీద కాలు వేయడం చేయకూడదు. బంతి జారిపోవచ్చు. డాక్టరు సరేననేదాకా దొడ్డికి కమోడ్ కుర్చీ వాడాలి. కొనలేకపోతే గట్టి ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం చేసి కింద బకెట్ పెట్టినా సరిపోతుంది. కుర్చీ జారకుండా ఒకరు పట్టుకోవాలి.

కదలిక: మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పాదాలు పైకీ కిందకీ పదిసార్లు ఆడించమనండి. రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. డాక్టరు చెప్పినట్టు వాకర్‌తో రోజుకు మూడు నాలుగుసార్లు నడిపించండి. "పాపం, పడుకోనీ" అనుకోవడం ప్రేమే, కానీ మేలు చేయదు.

ఊపిరి: గంటకోసారి ఐదారుసార్లు లోతుగా పీల్చి, ఒకసారి గట్టిగా దగ్గించండి. కరోనాకు బోర్లా పడుకోమని చెప్పే వీడియోలు వస్తున్నాయి. తుంటి విరిగినవాళ్లను, ఆపరేషన్ అయినవాళ్లను డాక్టర్ని అడగకుండా బోర్లా తిప్పొద్దు. వీపు వెనక దిండ్లు పెట్టి ఏటవాలుగా కూర్చోబెట్టండి.

పుండ్లు: మంచం మీద ఉన్నంతసేపు రెండు గంటలకోసారి పక్క మార్చండి. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడండి. రోజూ స్నానం చేయించేటప్పుడు వీపు, పిరుదులు, మడమలు చూడండి. ఎర్రబడితే అదే పుండుకు మొదలు.

తిండి: ఎముకకు, గాయానికి, కరోనా నుంచి కోలుకోవడానికి కావాల్సింది మాంసకృత్తులే. గుడ్డు, పాలు, పెరుగు, పప్పు, చేపలు పెట్టండి. "ఆపరేషన్ అయింది, పథ్యం" అని చారన్నంతో సరిపెట్టొద్దు. ఒకేసారి తినలేకపోతే కొంచెం కొంచెం ఐదారుసార్లు పెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్ని అడగండి.

మందులు: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు లేదా ఇంజక్షన్లు కొన్ని వారాలు వాడాల్సి ఉంటుంది, మధ్యలో ఆపొద్దు. స్టెరాయిడ్లు మాత్రం సొంతంగా వేయొద్దు. ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగులకే అవి మేలు చేస్తాయని 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధనలో తేలింది. అవసరం లేకుండా వాడితే షుగర్ పెరిగి, గాయం మానదు. షుగర్ ఉన్నవాళ్లకు బ్లాక్ ఫంగస్ ముప్పు కూడా ఎక్కువే.

పరామర్శలు: మనిషి పడ్డారని తెలిస్తే బంధువులు పళ్లు పట్టుకుని చూడటానికి రావడం మన ఆచారం. ఈ రోజుల్లో ఒక్క మాట చెప్పండి: "ఫోన్ చేసి మాట్లాడండి, ఆవిడకు సంతోషంగా ఉంటుంది. తగ్గాక రండి." ఎవరూ తప్పు పట్టుకోరు. సేవ చేసేవాళ్లు ఒకరో ఇద్దరో ఉండి మాస్కు పెట్టుకోండి, చేతులు కడుక్కోండి, కిటికీలు తెరిచి ఉంచండి.

■ 8. ఇవి కనిపిస్తే వెంటనే 108

• ఆక్సిజన్ 94 కన్నా తగ్గడం, ఆయాసం, ఛాతీలో నొప్పి
• పిక్క వాచి, గట్టిపడి, నొప్పి పుట్టడం
• ఉన్నట్టుండి మత్తుగా ఉండటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం
• కాలు హఠాత్తుగా పొట్టిగా అవడం, మళ్లీ నిలబడలేకపోవడం

గాయం ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. ముఖం ఒక వైపు వాపు, ముక్కులో నల్లటి పొక్కులు, కంటి నొప్పి ఉన్నా ఆలస్యం చేయొద్దు.

■ 9. చాలామంది అడిగే ప్రశ్నలు

ప్ర: మా నాన్నగారికి 85 ఏళ్లు. ఈ వయసులో ఆపరేషన్ అవసరమా?
జ: వయసు ఒక్కటే చూసి వద్దనుకోవద్దు. పడకముందు ఎలా నడిచేవారు, గుండె, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి అన్నది ముఖ్యం. ఇక నడవలేరనిపించినా, నొప్పి తగ్గి కూర్చోబెట్టి శుభ్రం చేయగలిగితే అదీ పెద్ద ఊరటే. వారిని కూడా అడగండి, నిర్ణయం ఆయనది కూడా.

ప్ర: ఆపరేషన్ అయింది. కరోనా టీకా వేయించవచ్చా?
జ: 60 ఏళ్లు దాటినవాళ్లకు 2021 మార్చి 1న టీకా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆపరేషన్ అయినంత మాత్రాన టీకా వద్దని లేదు. ఎప్పుడు వేయించాలో డిశ్చార్జి రోజునే డాక్టర్ని అడగండి. ఇంట్లో సేవ చేసేవాళ్లు కూడా వేయించుకోండి.

ప్ర: కుట్లు తీయించడానికి మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలా?
జ: డిశ్చార్జి అయ్యేటప్పుడే అడగండి. దగ్గర్లోని పీహెచ్‌సీలో తీయించుకోవచ్చంటే చీటీ రాయించుకుని రండి. దారి ఖర్చు, కరోనా భయం రెండూ తగ్గుతాయి.

ప్ర: మళ్లీ పడకుండా ఏం చేయాలి?
జ: ఒక తుంటి విరిగినవాళ్లకు రెండోది విరిగే ప్రమాదం ఎక్కువ. ఎముకలు గుల్లబారకుండా మందులు కావాలేమో డాక్టర్ని అడగండి. బాత్‌రూమ్‌లో పాచి లేకుండా రుద్దండి, గోడకు పట్టుకునే కమ్మీ బిగించండి. రాత్రి చిన్న లైటు వెలగనివ్వండి. కరెంటు పోతుంది కాబట్టి దిండు పక్కన టార్చి పెట్టండి.

■ గుర్తుంచుకోండి

తుంటి విరిగితే: కదిలించొద్దు, దాచొద్దు, ఆగొద్దు.
అంబులెన్సుకు 108. ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల సమాచారానికి, ఫిర్యాదులకు 104.
కార్డు లేకపోయినా, కార్డులో పేరు తప్పున్నా గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ పని ఈ వారమే చేయించుకోండి. మనిషి పడిన రోజున కార్డు కోసం పరుగెత్తే అవస్థ తప్పుతుంది.